బిడ్డకు ఫుడ్ అలర్జీ: కంచంలోంచి ఏం తీయాలి, ఏం తీయకూడదు

తెలుగిళ్లలో బిడ్డ నోటికి అందే మొదటి ముద్ద చాలాసార్లు పరమాన్నమే. మగపిల్లాడికి ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో, ఆడపిల్లకు ఐదో నెలలోనో ఏడో నెలలోనో ముహూర్తం పెట్టి, వెండి చెంచాతోనో ఉంగరంతోనో నాలుకకు రాస్తారు. అందులో ఆవుపాలు, నెయ్యి, జీడిపప్పు మూడూ ఉంటాయి. ఎక్కువమంది పిల్లలకు ఏమీ కాదు. కొందరికి మాత్రం పది నిమిషాల్లో మూతి చుట్టూ కందిపోయి, ఒంటిమీద దద్దుర్లు లేచి, ఒకటి రెండు వాంతులవుతాయి. బెంగళూరు మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఒక ఫ్లాట్‌లో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలందరి మధ్య ఇది జరిగిందనుకోండి. ఒకరు దిష్టి అంటారు, ఇంకొకరు వేడి చేసిందంటారు, మరొకరు పాలు పడలేదంటారు.

మూడో మాట నిజానికి కాస్త దగ్గర. కానీ 'పాలు పడలేదు' అన్న ఆ ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు సమస్యలున్నాయి, ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోలా ఉంటుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, దగ్గు వస్తే అది ఐజీఈ అనే ప్రతిరక్షకాల (యాంటీబాడీల) వల్ల వచ్చే అలర్జీ. ప్రాణం మీదకు తెచ్చేది ప్రధానంగా ఇదే. రెండోది నిదానంగా బయటపడే రకం. తల్లిపాలు తాగే బిడ్డ హుషారుగానే ఉంటుంది, బరువు పెరుగుతుంది, కానీ విరేచనంలో నెత్తుటి చారలు కనిపిస్తాయి. మూడోది ఎఫ్‌పైస్ అనేది. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత ఆగకుండా వాంతులై, బిడ్డ పాలిపోయి వేలాడిపోతుంది. దద్దుర్లు ఉండవు కాబట్టి ఫుడ్ పాయిజనింగో ఇన్‌ఫెక్షనో అనుకుంటారు. బియ్యం ఎవరికీ పడకపోవడం ఉండదని మన నమ్మకం గానీ, ఈ ఎఫ్‌పైస్‌కు కారణమయ్యే వాటిలో బియ్యం కూడా ఉంది.

నాలుగోది అసలు అలర్జీ కాదు. లాక్టోజ్ అరగకపోవడం అనేది పాలలోని చక్కెరతో వచ్చే ఇబ్బంది. పుట్టుకతోనే అది ఉండటం చాలా అరుదు. పసిబిడ్డల్లో ఎక్కువగా విరేచనాల జబ్బు తర్వాత కొన్నాళ్లు కనిపించి తగ్గిపోతుంది. అలర్జీ పాలలోని ప్రొటీన్‌తో వస్తుంది. అందుకే పాల అలర్జీ ఉన్న బిడ్డకు 'లాక్టోజ్ ఫ్రీ' డబ్బా పాలు పట్టించడం ప్రమాదం. చక్కెర తీసేసినా ప్రొటీన్ అందులో అలాగే ఉంటుంది. టమాటా, నారింజ లాంటి పులుపు తగిలి మూతి చుట్టూ మాత్రమే కాసేపు ఎర్రబడటం కూడా చాలావరకు చర్మం చిరాకు పడటమే.

ఏది ఏదో తేల్చేది ముందుగా తల్లిదండ్రులు చెప్పే వివరం. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని నిమిషాలకు ఏం కనిపించింది, ఎంతసేపట్లో తగ్గింది, అంతకుముందు అదే పదార్థం తిన్నప్పుడు ఏమైంది. దద్దుర్లు డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమవుతాయి కాబట్టి ఫోన్‌లో తీసిన ఫొటో ఎంతో పనికొస్తుంది. ఈ కథ అంతా విన్న తర్వాత, అనుమానం ఉన్న పదార్థానికి మాత్రమే చర్మ పరీక్షో రక్త పరీక్షో చేయాలి. జరుగుతున్నది ఎక్కువగా దీనికి తలకిందులు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబుల ప్యాకేజీల్లో పదుల కొద్దీ పదార్థాల 'ఫుడ్ అలర్జీ ప్యానెల్' దొరుకుతోంది. రెండ్రోజుల్లో పీడీఎఫ్ వస్తుంది. కందిపప్పు, గోధుమ, వంకాయ, పాలు, గుడ్డు, అరటిపండు పక్కన ఎర్ర గీతలు. తల్లికి టెన్షన్ మొదలై, ఆ సాయంత్రానికి బిడ్డ గిన్నెలో బియ్యపు జావ తప్ప ఏమీ మిగలదు.

ఆ ఎర్ర గీతకు అర్థమేమిటో చెప్పే లెక్క బెంగళూరు, మైసూరుల నుంచే వచ్చింది. యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా ఈ రెండు చోట్ల పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏదో ఒక ఆహారానికి రక్తంలో ఐజీఈ కనిపించినవాళ్లు 26.5 శాతం. తింటే లక్షణాలు కూడా వచ్చి, అలర్జీ ఉండొచ్చని తేలినవాళ్లు 1.2 శాతం. అంటే పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లలో అత్యధికులు ఆ పదార్థాలను హాయిగా తింటున్నవాళ్లే. ఈ అంకెలు పెద్దవాళ్లవి. కానీ పరీక్ష స్వభావం పిల్లల్లోనూ అదే: శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని చెబుతుంది, తింటే జబ్బు చేస్తుందని చెప్పదు. ఐజీజీ అనే ఇంకో రకం ప్రతిరక్షకాన్ని చూసే ప్యానెల్ అని అమ్మేవైతే ఇంకా దండగ. తరచూ తినే ఆహారానికి ఐజీజీ ఉండటం మామూలే.

డబ్బు పోవడం దీంట్లో చిన్న నష్టం. పెద్ద నష్టం ఎదుగుదలది. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పప్పు, గోధుమ, గుడ్డు, పాలు అన్నీ ఒకేసారి ఆపితే ఇనుము, జింక్, ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకో చిక్కు కూడా ఉంది. ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొట్టు రేగి, దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డ ఒక పదార్థాన్ని ఇబ్బంది లేకుండా తింటున్నప్పుడు, రిపోర్టు చూసి దాన్ని నెలల తరబడి ఆపేస్తే, మళ్లీ పెట్టినప్పుడు నిజమైన అలర్జీ రావచ్చు. రోజూ తినడం వల్ల శరీరానికి ఉన్న అలవాటు తప్పిపోతుంది. తీసేయాల్సిన దాన్ని పూర్తిగా తీసేయడం, తీసేయనక్కర్లేని దాన్ని మొండిగా పెడుతూ ఉండటం, ఈ రెండూ కలిస్తేనే వైద్యం. మన ఇళ్లలో రెండూ తప్పుతున్నాయి. రిపోర్టులో ఉన్నవన్నీ ఆపేస్తాం, నిజంగా ఆపాల్సిన దాన్ని 'ఒక్క చుక్కే కదా' అని వేస్తాం.

ఈ అలవాటు, అలవాటు తప్పడం అనే విషయం గురించి వైద్యశాస్త్రమే ఒకసారి తన మాట వెనక్కి తీసుకుంది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, పల్లీలు, చేపలు మూడేళ్ల దాకా పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. 2008లో ఆ సలహాను విరమించుకుంది. అదే ఏడాది లండన్‌కు చెందిన గిడియన్ లాక్ బృందం ఒక పోలిక ప్రచురించింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పిల్లలు ఏడాది నిండకముందే పల్లీలతో చేసిన బాంబా అనే చిరుతిండి తింటారు. దాన్ని పట్టుకుని చేసిన లీప్ అధ్యయనం 2015లో వెలువడింది. తీవ్రమైన ఎగ్జిమాగానీ గుడ్డు అలర్జీగానీ ఉన్న 640 మంది పసివాళ్లను 4 నుంచి 11 నెలల వయసులో చేర్చుకుని, సగం మందికి పల్లీ పదార్థాలు పెట్టారు, సగం మందికి ఆపారు. ఐదేళ్లు వచ్చేసరికి, పెట్టినవాళ్లలో పల్లీ అలర్జీ సుమారు 80 శాతం తక్కువ.

పల్లీ చట్నీ లేనిదే ఇడ్లీ దిగని తెలుగువాళ్లకు ఇది మంచి కబురే. వేయించిన పల్లీలను మెత్తగా పొడి చేసి, జావలోనో పండు గుజ్జులోనో పలుచగా కలిపి పెట్టొచ్చు. గింజ మాత్రం ఐదేళ్లు వచ్చేదాకా చేతికివ్వకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. తీవ్రమైన ఎగ్జిమాగానీ, ముందే గుడ్డు అలర్జీగానీ ఉన్న బిడ్డకైతే మొదటిసారి పెట్టేముందు డాక్టరును అడగాలి.

అయితే నోటికంటే ముందు చర్మం సంగతి చూడాలి. పొట్ట ద్వారా పరిచయమైన ఆహారాన్ని శరీరం సాధారణంగా ఒప్పుకుంటుంది. పగిలిన చర్మం గుండా లోపలికెళ్లిన దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం ఎక్కువ. లాక్ బృందమే 2003లో బ్రిటన్ పిల్లల్లో చూసింది: పల్లీనూనె కలిసిన క్రీములు దద్దుర్ల మీద రాసిన పిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువగా కనిపించింది. ఇప్పుడు మన బాలింత ఇంటి స్నానాన్ని గుర్తు తెచ్చుకోండి. నువ్వులనూనెతోనో బాదం నూనెతోనో మర్దన, శనగపిండి, పెసరపిండి, పాలమీగడ కలిపి నలుగు, రోమాలు రాలేదాకా గట్టిగా రుద్దుడు. మామూలు చర్మానికి ఇది ఎలా ఉన్నా, బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రగా పొట్టు రేగి ఉన్న బిడ్డకు మాత్రం మానేయాల్సిన పని. చర్మం మీద గీరుకుపోయిన చోట శనగపిండి, నువ్వులు, పాలు మూడూ రుద్దినట్టే అవుతుంది. ఆ బిడ్డకు గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజరు, డాక్టరు రాసిచ్చిన పూత చాలు. స్టెరాయిడ్ అనగానే భయపడి పూత మానేసి, కూరలన్నీ మాన్పించే ఇళ్లు ఎన్నో. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చాలామందికి కావలసింది చర్మానికి మందు, కంచానికి పథ్యం కాదు.

ఇక నిజంగానే పాల అలర్జీ అని తేలిన బిడ్డ సంగతి. తల్లిపాలు ఆపక్కర్లేదు. తల్లి తాను పాలు తాగినా, పెరుగు తిన్నా బిడ్డ బాగానే ఉంటే ఆమె ఏమీ మానక్కర్లేదు కూడా. తల్లిపాలు మాత్రమే తాగుతూ లక్షణాలు వస్తుంటేనే ఆమె రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు ఆపి చూడాలి. తగ్గితే మళ్లీ తిని చూసి నిర్ధారించుకోవాలి. ఈ రెండో అడుగు చాలామంది వేయరు, అనవసరంగా ఏడాది పాటు పెరుగన్నం లేకుండా గడిపేస్తారు. మానాల్సి వచ్చిన తల్లికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, దాంతోపాటు విటమిన్ డి అవసరం. ఆమె శాకాహారి అయితే బీ12 కూడా డాక్టరుతో మాట్లాడాలి. మాంసం, గుడ్డు తినని ఇంట్లో బీ12 వచ్చేది పాలూ పెరుగుల్లోంచే. అవి ఆగిపోతే తల్లికీ, పాలు తాగే బిడ్డకీ కొరత వస్తుంది.

తల్లిపాలు చాలని బిడ్డకు వాడేది ప్రొటీన్‌ను ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టిన ప్రత్యేక ఫార్ములా. దానికీ పడకపోతే అమైనో యాసిడ్ ఫార్ములా. రెండూ ఖరీదే, రుచి చేదు, వాసన అదోలా ఉంటుంది. ఆరు నెలల లోపు బిడ్డ త్వరగానే అలవాటు పడుతుంది, పెద్దదైతే మొండికేస్తుంది. సోయా ఫార్ములా ఆరు నెలలు నిండాకే. మేకపాలు, గేదెపాలు, ఏ2 పాలు ఏవీ పనికిరావు, ప్రొటీన్లు అన్నిటిలోనూ దగ్గర దగ్గరగా ఒకటే. పదినిమిషాల్లో గుమ్మంలోకి వచ్చే బాదం పాలు, ఓట్స్ పాలు ఏడాది లోపు బిడ్డకు ప్రధాన పాలుగా పట్టకూడదు. వాటిలో ప్రొటీన్, కొవ్వు చాలవు.

ఆరు నెలలు నిండాక పెట్టే తిండిలో మన వంటిల్లు నిజానికి ఈ బిడ్డకు బాగా అనుకూలం. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగిజావను పాలు లేకుండా నీళ్లతో కాచి, దించేముందు చెంచాడు కొబ్బరినూనె వేస్తే నెయ్యి లేని లోటు తెలియదు. మెత్తటి పప్పన్నం, ఉడికించి మెదిపిన గుమ్మడి, చిలగడదుంప, మాంసాహారులైతే ముల్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన కోడి లివర్ కొంచెం. తేనె మాత్రం అలర్జీ ఉన్నా లేకున్నా ఏడాది లోపు వద్దు.

నెయ్యి దగ్గరే ఇంట్లో అసలు యుద్ధం. నెయ్యి కొవ్వే గానీ, కాచి వడగట్టినా అందులో పాల ప్రొటీన్ అవశేషం మిగులుతుంది. తీవ్రమైన అలర్జీ ఉన్న బిడ్డకు అది చాలు. "ఒక్క చుక్క నెయ్యికేమవుతుందమ్మాయ్, మీ ఆయన్ని నేను గిన్నెడు నెయ్యి పోసి పెంచాను" అనే అత్తగారికి ప్రొటీన్ గురించి పాఠం చెప్పినా ఎక్కదు. డాక్టరు దగ్గరికి ఆమెనే తీసుకెళ్లి ఆయన నోటితో చెప్పించడం పనిచేస్తుంది. దద్దుర్ల ఫొటో చూపించడం ఇంకా బాగా పనిచేస్తుంది. ఆర్నెల్లు అమ్మమ్మ, ఆర్నెల్లు నాయనమ్మ వంతులవారీగా వచ్చి బిడ్డను చూసుకునే ఇళ్లలో ఈ సంభాషణ ఏడాదికి రెండుసార్లు మొదటినుంచీ జరగాల్సిందే.

వాళ్లు ప్రేమగా తెచ్చే ఉగ్గుపిండి ఇంకో చిక్కు. గుంటూరులోనో నెల్లూరులోనో వేయించి మర పట్టించిన ఆ డబ్బాలో బియ్యం, పెసలు, కంది, శనగ, గోధుమ, రాగి, బాదం, జీడిపప్పు, ఒక్కోసారి పల్లీలు, నువ్వులు కూడా ఉంటాయి. దద్దుర్లు వస్తే దేనివల్ల వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. కొత్త పదార్థాన్ని ఒక్కొక్కటిగా, పొద్దున పూట, రెండు మూడు రోజుల ఎడంతో పెట్టాలి. ఒక్కొక్కటీ పడిందని తేలిన తర్వాత అదే ఉగ్గుపిండిని, పడనిది తీసేసి, ఇంట్లో కొట్టుకోవచ్చు.

వంటింట్లో తెలియకుండా కలిసేవి చూస్తే, పాల కంటే పల్లీలు, నువ్వులు, గోధుమలతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. పల్లీలు వేయించిన మూకుడులోనే పోపు వేస్తాం. చపాతీ పెనం మీదే బిడ్డ దోసె వేస్తాం. కందిపొడి డబ్బాలో పెట్టిన చెంచా నువ్వులపొడిలోకి వెళ్తుంది. గోధుమ అలర్జీ ఉంటే ఇంగువ డబ్బా తిప్పి చూడాలి. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు మైదాయో బియ్యప్పిండో కలిపి ఉంటుంది. బిడ్డకంటూ ఒక చిన్న మూకుడు, ఒక గరిటె, మూత గట్టిగా పట్టే రెండు డబ్బాలు విడిగా పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.

ప్యాకెట్ మీద చట్టం కొంత సాయం చేస్తుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపేవి) ఉంటే విడిగా రాసి తీరాలి. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లు మెనూలో అలర్జీ సమాచారం ఇవ్వాలి. మన వంటల్లో అడుగడుగునా ఉండే నువ్వులు, ఆవాలు, శనగలు మాత్రం ఆ జాబితాలో లేవు. జాబితా చూసి నిశ్చింతగా ఉండకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాలన్నీ చదవాల్సిందే. వీధి చివర దర్శినికి, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్‌కు, ఈ మెనూ నిబంధన వర్తించదు. అయ్యంగార్ బేకరీ సరుకు గుడ్డు లేకుండా చేయడం సంప్రదాయం గనుక గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు అటు చూస్తారు. పాలు, వెన్న మాత్రం అక్కడ దండిగా ఉంటాయి.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా గుర్తుండాల్సిన పండుగ సంక్రాంతి. ఇరుగు పొరుగు ఆడవాళ్లు పళ్లెంలో ఎళ్ళు బెల్ల తెచ్చిస్తారు. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, పల్లీలు, పుట్నాల పప్పు కలిపిన ఆ పొట్లాన్ని పిల్లల చేతిలోనే పెడతారు. కార్తీకంలో బసవనగుడిలో జరిగే పల్లీల జాతర కడలెకాయి పరిషెకు వెళ్తే రోడ్డంతా పల్లీ పొట్టే. పాకే బిడ్డ నేలమీది గింజ నోట్లో పెట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఆయాకు, డేకేర్ వాళ్లకు వాళ్ల మాటలోనే రాసివ్వాలి. 'హాలు, మొసరు, తుప్ప కొడబేడి' (పాలు, పెరుగు, నెయ్యి ఇవ్వొద్దు) అని బిడ్డ ఫొటో కింద కన్నడంలో రాయించి ఫ్రిజ్‌కు అంటిస్తే అందరికీ అర్థమవుతుంది. పల్లీల విషయంలో 'కడలె' అంటే వాళ్లకు శనగలు, 'కడలెకాయి' అనాలి.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకరోజు పొరపాటు జరుగుతుంది. దద్దుర్లు మాత్రమే ఉంటే డాక్టరు రాసిచ్చిన అలర్జీ సిరప్ సరిపోతుంది, బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆయాసం, ఆగని వాంతులు, పాలిపోయి మగతగా వేలాడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదకు తెచ్చే అలర్జీ. అప్పుడు సిరప్ కోసం చూస్తూ కూర్చోకూడదు. దానికి మొదటి మందు అడ్రినలిన్, తొడ బయటివైపు కండలోకి ఇవ్వాలి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి పది కిలోల బిడ్డకు 0.1 మిల్లీలీటరు. విదేశాల్లో వాడే పెన్నులాంటి ఇంజెక్షన్ ఇక్కడి మామూలు మందుల షాపుల్లో తేలిగ్గా దొరకదు. అందుకే ముప్పు ఎక్కువున్న బిడ్డ తల్లిదండ్రులకు డాక్టర్లు ఆంప్యూల్, సిరంజి రాసిచ్చి, ఎలా ఎక్కించాలో చేసి చూపించి, మోతాదు కాగితం మీద రాసిస్తారు. రాసివ్వకపోతే అడగాలి. బిడ్డను భుజాన వేసుకుని నిలబెట్టకుండా పడుకోబెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. 108కు ఫోన్ చేయాలి. అవుటర్ రింగ్ రోడ్ మీద సాయంత్రం ఆరింటికి ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు, పెద్ద ఆసుపత్రి ఎంత దూరమో కాదు, రాత్రిపూట కూడా అడ్రినలిన్ ఇవ్వగల దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే చూసిపెట్టుకోవాలి. తగ్గిపోయినా కొన్ని గంటలు అక్కడే ఉంచుతారు, లక్షణాలు మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది గనుక.

టీకాలు ఆపొద్దు. గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకు ఎంఎంఆర్ టీకా వేయించుకోవచ్చు.

పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లలకు బడి వయసు వచ్చేసరికి తగ్గిపోతాయి. పల్లీలు, జీడిపప్పుతో వచ్చేవి మొండివి. అందుకే పాలో గుడ్డో తీసేసిన బిడ్డను ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూపించాలి. ముందుగా పడేది సాధారణంగా పిండిలో కలిసి ఓవెన్‌లో అరగంట కాలిన పాలూ గుడ్లూ, అంటే కేకు, మఫిన్ రూపంలో. పాల అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది వీటిని ముందే తట్టుకుంటారు. పాలకోవా ఎంతసేపు మరిగించినా ఆ కోవలోకి రాదు. గోధుమపిండితో కలిసి కాలడం వేరు, గిన్నెలో పాలు చిక్కబడటం వేరు. మొదటి ప్రయత్నం ఇంట్లో కాకుండా ఆసుపత్రిలో, బిడ్డకు జలుబు, జ్వరం లేని రోజు, అలర్జీ సిరప్ డాక్టరు చెప్పినన్ని రోజులు ముందే ఆపేసి చేయిస్తారు. వేలిగోరంత ముక్కతో మొదలుపెట్టి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి పెంచుతూ, ఆ తర్వాత రెండు గంటలు కూర్చోబెడతారు. ఏమీ కాకపోతే ఆ మఫిన్‌ను వారంలో కొన్నిసార్లు ఇంట్లో పెడుతూనే ఉండాలి. పరీక్ష పాసయిందని పండగ చేసుకుని, మళ్లీ భయంతో మానేసిన ఇళ్లలో పిల్లలు ఆ మెట్టు మళ్లీ మొదటినుంచి ఎక్కాల్సి రావచ్చు.